ఆగిన చోటు నుంచే – దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం, రచనలు

అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో, గోదావరి లంకల్లో ఈ పూట రేడియో పెట్టుకుని కూర్చున్న అమ్మలను, అక్కచెల్లెళ్లను ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో చదువు మధ్యలో ఆపేసిన ఆడమనిషి ఉన్నారా? ఎనిమిదో తరగతిలో మానేసి ఉండొచ్చు. పదిలో లెక్కలు పోయి ఊరుకుని ఉండొచ్చు. ఇంటర్ మొదటి ఏడాది చదువుతుండగా పెళ్లయి వచ్చేసి ఉండొచ్చు. అలాంటివారు ఉంటే ఒక్క పావుగంట పిలవండి. పొయ్యి మీద కూర ఉంటే మంట తగ్గించి రమ్మనండి. ఇవాళ నేను చెప్పేది ముఖ్యంగా ఆవిడ కోసం.

చదువు ఆగిపోతే అయిపోయినట్టు కాదు. ఆగిన చోటు నుంచి మళ్లీ అందుకోవచ్చు. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. దీన్ని తన బతుకులో చేసి చూపించి, ఆ తర్వాత దేశమంతా చేయించిన ఒక మనిషి కథతో ఈ మాట చెబుతాను. ఆవిడ ఎక్కడి మనిషో కాదు, మన గోదావరి జిల్లాల ఆడపడుచు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఆంధ్ర మహిళా సభను పెట్టి, దానికి అధ్యక్షురాలిగా ఉండి, మద్రాసులోనూ హైదరాబాదులోనూ ఆడవాళ్ల కోసం బడులు, కాలేజీలు, హాస్టళ్లు, ఆస్పత్రులు నిలబెట్టిన మనిషి. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ఆంధ్ర మహిళా సభ మహిళా కళాశాల పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అది ఆ సభ వారిదే.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఆ కాలంలో ఆడపిల్ల చదువంటే ఎలా ఉండేదో మనకు తెలుసు. వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. అప్పటికి ముప్పై అయిదేళ్లు గడిచాయి. అయినా పెద్ద ఇళ్లలో కూడా ఆడపిల్లకు చదువు కంటే పెళ్లే ముందు జరిగేది. ఈవిడకు ఎనిమిదో ఏట పెళ్లి చేసేశారు. పెళ్లంటే ఏమిటో తెలియని వయసు. పెద్దయ్యాక, ఆ కాపురానికి తాను వెళ్లనని దుర్గాబాయి గారు చెప్పేశారు. తండ్రి, తమ్ముడు ఆవిడ పక్షాన నిలబడ్డారు. ఇది చెప్పుకోవాల్సిన సంగతి. ఆ రోజుల్లో పుట్టింటివారు అలా అండగా నిలవడం మామూలు విషయం కాదు.

మరి చదువు సంగతి? అదీ ఆగిపోయింది. పన్నెండేళ్ల వయసులో బడి మానేశారు. ఎవరో మాన్పించలేదు. ఇంగ్లీషులో పాఠాలు చెప్పడం ఇష్టంలేక, స్వాతంత్ర్యోద్యమం వేడిలో తనే బయటికొచ్చేశారు. వచ్చి ఊరికే కూర్చోలేదు. తాను నేర్చుకున్న హిందీని ఇతర ఆడపిల్లలకు నేర్పడానికి బాలికల హిందీ పాఠశాల పెట్టారు. పన్నెండు పదమూడేళ్ల పిల్ల పెట్టిన బడి అది.

1921లో గాంధీ గారు కాకినాడ వచ్చారు. దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు గాంధీ గారిని చూడాలి, ఆయన మాట వినాలి అని ఈ పిల్ల పట్టుబట్టింది. ఏర్పాట్లు చూసే పెద్దలు, అయిదు వేల రూపాయలు విరాళం తెస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో అయిదు వేలంటే ఎంతో ఆలోచించండి. దేవదాసీలే పూనుకుని ఆ డబ్బు పోగుచేశారు. సభ జరిగింది. గాంధీ గారు హిందీలో మాట్లాడారు. దాన్ని తెలుగులో చెప్పింది ఎవరనుకున్నారు? పన్నెండేళ్ల దుర్గాబాయే.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. అక్కడ ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర వాలంటీరుగా మన దుర్గాబాయిని నిలబెట్టారు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి వదలొద్దని ఆవిడకు చెప్పిన మాట. జవహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చారు. టిక్కెట్టు లేదు. ఈ పిల్ల ఆపేసింది. పెద్దలు కంగారుపడి పరుగెత్తుకొచ్చి టిక్కెట్టు కొనిచ్చాకే లోపలికి వదిలింది. నెహ్రూ గారికి కోపం రాలేదు సరికదా, పని అలాగే చేయాలని మెచ్చుకున్నారు. ఈ కథ చాలామందికి తెలుసు. అయితే అందరూ మరచిపోయే సంగతి ఒకటుంది. నెహ్రూ గారిని ఆపిన ఆ పిల్ల అప్పటికి బడి మానేసిన పిల్ల. చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో సత్యాగ్రహంలో దిగారు. 1930కీ 1933కీ మధ్య మూడుసార్లు జైలుకెళ్లారు. వేలూరు జైల్లో ఆవిడ చూసినవి ఆవిడ మనసును పట్టి కుదిపేశాయి. అక్కడ మామూలు నేరాల కింద వచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎందరికో తమ మీద పెట్టిన కేసేమిటో తెలియదు. కోర్టులో ఏం ఒప్పుకున్నారో తెలియదు. చదువు లేదు, చట్టం తెలియదు, తరఫున మాట్లాడే మనిషి లేడు. ఇలాంటివాళ్ల కోసం లా చదవాలని ఆవిడ అప్పుడే అనుకున్నారు.

అనుకోవడం సులువే. కానీ లా చదవాలంటే ముందు డిగ్రీ కావాలి. డిగ్రీ కావాలంటే ఇంటర్ కావాలి. ఇంటర్ కావాలంటే మెట్రిక్ కావాలి. ఆవిడకు పాతికేళ్లు దగ్గరపడ్డాయి, మెట్రిక్కే లేదు. పన్నెండో ఏట వదిలేసిన ఇంగ్లీషు ఇప్పుడు మళ్లీ పట్టుకోవాలి.

పట్టుకున్నారు. మళ్లీ చెబుతున్నాను, ఆగిన చోటు నుంచే పట్టుకున్నారు. ప్రైవేటుగా చదువుకుని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్ష రాసి పాసయ్యారు. తర్వాత ఇంటర్. ఆ తర్వాత బి.ఏ. కోసం వాల్తేరు, మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఆవిడ జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

అప్పుడు వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి గారు. మహా పండితుడు, కట్టమంచి వారు. ఆయన సీటు ఇవ్వడానికి వెనకాడారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, ఎక్కడ ఉంటారన్నది ఆయన ప్రశ్న. చూశారా! ఇంట్లో అడ్డు లేదు, పరీక్ష అడ్డు లేదు, తెలివికి లోటు లేదు. చదువుకు అడ్డం వచ్చింది పడుకోవడానికి ఒక గది. మనమైతే ఏం చేస్తాం? హాస్టల్ లేదట, సీటు ఇవ్వరట అని తిరిగి రైలెక్కుతాం. లేదా తెలిసినవారి చేత సిఫారసు చేయిస్తాం. దుర్గాబాయి గారు ఈ రెండూ చేయలేదు. పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టల్ లేదన్న కారణంతో పైచదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనకు ఉత్తరం రాయమన్నారు. ఉత్తరాలు వచ్చాయి. తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తేలింది. అందరూ కలిశారు. ఉండటానికి చోటు చూసుకున్నారు. తమ హాస్టల్ తామే పెట్టుకున్నారు. అప్పుడు మళ్లీ వెళ్లి వైస్ ఛాన్సలర్ గారిని అడిగారు. సీటు ఇచ్చారు.

సీటు తన ఒక్కదాని కోసమే అడిగి ఉంటే ఒక్క అమ్మాయి చదివేది. తనకు వచ్చిన అడ్డం ఇంకెంతమందికి వచ్చిందో కనుక్కున్నారు కాబట్టి ఒక హాస్టల్ వచ్చింది. ఆవిడ తర్వాత చేసిన పెద్ద పనులన్నింటికీ బీజం ఈ వాల్తేరు హాస్టల్లోనే ఉందని నేను అనుకుంటాను.

ఆ తర్వాత మద్రాసులో లా చదివి, 1942లో లా పట్టా పుచ్చుకుని, హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. 1946లో రాజ్యాంగ సభకు సభ్యురాలయ్యారు. లెక్క చూడండి. 1933లో జైలు నుంచి వచ్చేనాటికి మెట్రిక్ లేదు. పదమూడేళ్లు తిరిగేసరికి దేశానికి రాజ్యాంగం రాసే సభలో కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం కాదు. ఆ సభలో అధ్యక్ష స్థానంలో కూర్చునే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆవిడ. సవరణలు వందల్లో ప్రతిపాదించారు. ఇవాళ రాజ్యసభకు వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండితే చాలు. మొదట ముప్పై అయిదన్నారు. తగ్గించమని పట్టుబట్టింది దుర్గాబాయి గారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

లా చదువు కంటే ముందే, 1937లో, మద్రాసులో ఆవిడ ఒక చిన్న పని మొదలుపెట్టారు. చుట్టుపక్కల తెలుగు పిల్లలను పోగుచేసి హిందీ, ఆటపాటలు నేర్పడం. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. పిల్లలతో పాటు వాళ్ల తల్లులు వచ్చారు, పిన్నులు వచ్చారు. వాళ్లలో చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించారు. తాను నడిచి వచ్చిన దారి అది. ఆ దారి వాళ్లకూ చూపించారు. ఆ చిన్న గుంపే పెరిగి ఆంధ్ర మహిళా సభ అయింది.

స్వాతంత్ర్యం వచ్చింది. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 9 మంది కూడా లేరు. దుర్గాబాయి గారు ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆ ఏడాది జనవరిలోనే, రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరుగా చేసి, అప్పుడు ఆర్థిక మంత్రిగా ఉన్న చింతామన్ దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లికి నెహ్రూ గారు సాక్షి సంతకం పెట్టారు. టిక్కెట్టు లేదని ఆపిన ఆ నెహ్రూ గారే.

బోర్డు పని మొదలయ్యాక ఒక చిక్కు వచ్చింది. పల్లెటూళ్లకు గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, మంత్రసానులు కావాలి, టీచరమ్మలు కావాలి. ఎక్కడినుంచి తేవాలి? పట్నంలో చదివిన అమ్మాయి పల్లెలో ఉండలేకపోతోంది. పల్లెలో ఉండే ఆవిడకు చదువు లేదు. ఆవిడ అయిదో, ఆరో చదివి ఆపేసింది. పైగా వితంతువో, భర్త వదిలేసినదో, పిల్లల్ని సాకాల్సినదో. ఉద్యోగం ఆవిడకే అవసరం, ఆవిడే ఊళ్లో ఉంటుంది. కానీ మెట్రిక్ లేదు. ఆవిణ్ణి మళ్లీ పన్నెండేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి అయిదారేళ్లు చదివిస్తామంటే జరిగే పని కాదు.

అప్పుడు దుర్గాబాయి గారు మద్రాసులో తాము చేసిందే దేశానికి చేయించారు. 1958లో బోర్డు తరఫున వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సు వచ్చింది. పెద్ద మనిషికి లోకజ్ఞానం ఉంటుంది, పట్టుదల ఉంటుంది. చిన్నపిల్లలకు ఏళ్ల తరబడి చెప్పేది ఆవిడకు రెండేళ్లలో చెప్పొచ్చు. రెండేళ్లు గట్టిగా చదివించి పరీక్షకు కూర్చోబెట్టడం, అంతే. ఊళ్లలో పనిచేసే సేవా సంస్థలకు బోర్డు డబ్బిచ్చింది, తరగతులు వాళ్లు నడిపారు. ఎన్నో వేలమంది ఆ తలుపులోంచి నడిచి వెళ్లారు.

రాజోలు, సఖినేటిపల్లి, రేవు దాటితే నరసాపురం వైపు లేసు అల్లే అక్కలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అల్లుతూ అల్లుతూ ఉండగా పిల్లాడు ఏడుస్తాడు. లేసు పక్కన పెట్టి లేస్తారు. తిరిగి వచ్చాక అల్లినదంతా విప్పి మొదటి ముడి నుంచి అల్లుతారా? అల్లరు. ఆగిన కుట్టులో సూది దూర్చి, అక్కణ్ణుంచి దారం లాగుతారు. ఆ కోర్సులో దుర్గాబాయి గారు చేసింది ఇదే.

1958లోనే స్త్రీ విద్య మీద జాతీయ కమిటీ వేశారు. దానికి ఆవిడే అధ్యక్షురాలు. 1959లో నివేదిక ఇచ్చారు. ఆడపిల్లల చదువును విడిగా, ప్రత్యేక సమస్యగా చూడాలని, మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న దూరాన్ని పనిగట్టుకుని తగ్గించాలని అందులో ఉంది. పెద్ద మాటలతో పాటు చిన్న సంగతులు కూడా ఉన్నాయి. పల్లెలో పాఠం చెప్పే ఉపాధ్యాయినికి ఉండటానికి ఇల్లు కావాలని చెప్పారు. వాల్తేరులో గది లేక చదువు ఆగబోయిన మనిషి కదా, ఆ ఇబ్బంది మరచిపోలేదు.

ఆవిడ రచనల గురించి కూడా చెప్పాలి. ఆంధ్ర మహిళ అనే పత్రికను నడిపారు, సంపాదకత్వం వహించారు. ఆంధ్ర మహిళా సభ ఎలా లేచి నిలబడిందో చెబుతూ ఇంగ్లీషులో ద స్టోన్ దట్ స్పీకెత్ అనే పుస్తకం రాశారు. చివరి రోజుల్లో చింతామన్ అండ్ ఐ అని తన జీవితం, తమ దంపతుల జీవితం రాశారు. అది 1980లో వచ్చింది. మరుసటి ఏడాది, 1981 మే 9న ఆవిడ కన్నుమూశారు. వాల్తేరు హాస్టల్ కథ, వేలూరు జైలు కథ మనకు ఇంత వివరంగా తెలుస్తున్నాయంటే ఆవిడ రాసిపెట్టబట్టే. మన కోనసీమలో, కాలవ గట్ల మీద నడిచి వెళ్లి, పంటులెక్కి రేవులు దాటి, పాకల్లో ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించిన టీచరమ్మలు ఎందరో ఉన్నారు. వాళ్లెవరూ తమ కథ రాసుకోలేదు. మీ ఊళ్లో అలాంటి పెద్దావిడ ఇంకా ఉంటే, పక్కన కూర్చుని ఆవిడ చెప్పేది ఒక నోట్‌బుక్కులో రాయండి. ఇది నా మనవి.

సరే, ఇవాళ్టి సంగతి. అంబాజీపేటలో ఒక కోడలుంది అనుకుందాం. పది తప్పింది. అంగన్‌వాడీ కార్యకర్త పోస్టు పడిందని విన్నది. పది పాసవ్వాలన్నారు. ఊరుకుంది. మలికిపురంలో ఇంకొకావిడ. కువైట్‌లో నాలుగిళ్లలో పనిచేసి వచ్చింది. ఏడో తరగతి వరకే చదివింది. డ్వాక్రా సంఘంలో లెక్కలన్నీ నోటికి చెప్పగలదు, లీడరుగా నిలబడమంటే పుస్తకం రాయాలని భయపడుతుంది. వీళ్లిద్దరికీ తెలివి తక్కువా? కాదు. చదువు ఆగింది, అంతే. ఆగిన చోటు నుంచి అందుకునే దారి ఇప్పుడు ఉంది.

ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, మనం ఓపెన్ స్కూల్ అంటున్నాం కదా, అది 1991 నుంచి ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. పది పాసైతే, 15 నిండితే ఇంటర్‌కు కట్టొచ్చు. ఎంత పెద్దవారైనా కట్టొచ్చు. యాభై ఏళ్లా, పర్వాలేదు. రోజూ బడికి వెళ్లక్కర్లేదు. పుస్తకాలు ఇస్తారు, సెలవు రోజుల్లో తరగతులు పెడతారు. ఒకసారి పేరు నమోదైతే అయిదేళ్లు చెల్లుతుంది. ఇది బాగా వినండి. సబ్జెక్టులన్నీ ఒక్కసారే రాయాలని లేదు. ఈసారి రెండు, వచ్చేసారి రెండు రాసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. మళ్లీ చెబుతున్నాను, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు.

ఇక అత్తగార్లకు, భర్తలకు, అన్నదమ్ములకు ఒక మాట. చదువుకో అని చెప్పి ఊరుకుంటే సరిపోదండి. వాల్తేరులో అడ్డం వచ్చింది హాస్టల్. మీ ఇంట్లో అడ్డం ఏమిటో చూడండి. ఆదివారం తరగతికి వెళ్లాలంటే ఆ పూట వంట ఎవరు చేస్తారు? చంటిబిడ్డను ఎవరు చూస్తారు? సెంటరు దాకా బండి మీద ఎవరు దింపుతారు? ఫీజు ఎవరి చేతిలో పెడతారు? అడ్డం ఎక్కడుందో అక్కడ చెయ్యి వేయండి. డ్వాక్రా అక్కలూ, మీరూ అంతే. వచ్చే నెల సంఘం మీటింగులో, పొదుపు లెక్కలయ్యాక అడగండి, మనలో పది ఎవరు తప్పారు, ఎవరు మానేశారు అని. ఒక్కరు చెయ్యెత్తడానికి సిగ్గుపడతారు. నలుగురు ఎత్తితే నలుగురూ కలిసి ఒకే సెంటరులో కడతారు, ఒకే ఆటోలో వెళ్లొస్తారు.

ఈ వారంలోనే మీ ఊరి హైస్కూలు హెడ్మాస్టరు గారిని కలవండి. ఓపెన్ స్కూల్ సెంటరు దగ్గరలో ఎక్కడుంది, అడ్మిషన్లు ఎప్పటిదాకా తీసుకుంటారు అని అడగండి. ఆధార్ కార్డు, ఫొటోలు, మీరు చదివిన బడి ఇచ్చిన టీసీ లేదా పుట్టిన తేదీ కాగితం తీసుకెళ్లండి. పాత టీసీ పోయిందా? తుపానులో తడిసిపోయిందా? దాని కోసం ఆగిపోకండి. చదివిన బడికి వెళ్లి రిజిస్టరు తీయించమనండి. మీ పేరు అందులో ఉంటుంది.